గడి గడిగా ఒక మొహం

బస్సు సోమందేపల్లి దాటేసరికే అంజనప్ప ఓ పదిమందిని చూసి సగం నవ్వు నవ్వేశాడు. ఎక్కినవాళ్లలో ఎవరి చూపైనా తన మీద కాస్త ఎక్కువసేపు నిలిస్తే అతని పెదవులు వాటంతటవే కొద్దిగా విచ్చుకుంటాయి. తెలిసినవాళ్లయితే అది పలకరింపు అవుతుంది. తెలియనివాళ్లయితే ముసలాయన ఏదో గుర్తొచ్చి నవ్వుకుంటున్నాడని ఊరుకుంటారు. నిండుగా నవ్వితే వచ్చి పక్కన కూర్చుంటారు, ఇంటి సంగతులు అడుగుతారు, వాళ్లెవరో తెలుసుకునేలోపు హిందూపురం వచ్చేస్తుంది. అసలు నవ్వకపోతే పొగరంటారు. పొగరన్న మాట అతను జీవితానికి సరిపడా పడ్డాడు.

యాభైతొమ్మిదేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా, మెడ ముందుకు సాగి ఉంటాడు. ఏళ్ల తరబడి బల్ల మీదకు వంగి పనిచేయడంతో కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి జారింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు గోళ్ల చుట్టూ నల్లపొడి ఇంకిపోయి ఏ సబ్బుకూ వదలదు. ఒళ్లో గుడ్డసంచి, అందులో అన్నం డబ్బా, పాత చొక్కాగుడ్డలో చుట్టిన తొమ్మిది కుంచెలు. పొద్దున ఏడున్నరకు పెనుకొండలో బస్సెక్కడం, సాయంత్రం హిందూపురంలో ఎక్కడం. భార్య తిమ్మక్క పోయిన ఈ మూడేళ్లలో ఆదివారాలు తప్పిస్తే ఆ పద్ధతి మారలేదు.

బస్టాండులో దిగి వెనకవీధిలోకి నడిచాడు. మనుషులను వదిలేసి అంగళ్లను గుర్తుపెట్టుకుంటూ నడవడం అతని అలవాటు. మందుల అంగడి, టైర్ల అంగడి, ఆ తర్వాత మిఠాయి అంగడి. మిఠాయి అంగడివాళ్లు ఈ మధ్య గుమ్మం పక్కన నిలువెత్తు అద్దం బిగించారు. పోయిన వారం, ఎదురుగా సంచి పట్టుకుని వస్తున్న మనిషికి దారి ఇద్దామని అంజనప్ప పక్కకు జరిగాడు. ఆ మనిషీ జరిగాడు. ఇతను సగం నవ్వాడు. ఆ మనిషీ సగం నవ్వాడు. అంగట్లో పనివాళ్లు పకపకమనేదాకా సంగతి తెలియలేదు. అప్పట్నుంచి అతను వీధికి అవతలి పక్కన నడుస్తున్నాడు.

యూనస్ నడిపే ఫ్రేముల అంగడి పదడుగుల వెడల్పుంటుంది. ముందర గాజు కోసే బల్ల. గోడల నిండా వెంకటేశ్వరస్వామి, మక్కా, ఏసుప్రభువు, పెళ్లిజంటలు, వాళ్ల మధ్య దండలు వేయడానికి సిద్ధంగా చనిపోయినవాళ్లు. లోపల కిటికీ కింద అంజనప్ప బల్ల. యూనస్ నలభై దాటిన లావుపాటి మనిషి. అతన్ని అంజనప్ప అత్తరు వాసనను బట్టి, నడుముకు వేలాడే తాళాల చప్పుడును బట్టి పోల్చుకుంటాడు. ఎవరు గడప తొక్కినా యూనస్ గట్టిగా పేరు పెట్టి పిలుస్తాడు. రొద్దం హనుమప్ప వచ్చినాడే, రాప్పా, అంటాడు. అది వచ్చినవాళ్లకు మర్యాదలా కనిపిస్తుంది. నిజానికి అది లోపలున్న అంజనప్ప కోసం.

ఈరోజు మాత్రం యూనస్ ఏ పేరూ పిలవలేదు. స్టూలు మీద కూర్చున్న అమ్మాయి ఎవరో అతనికీ తెలియదు. ధర్మవరం నుంచి పొద్దున రైలుకు వచ్చిందని, వాళ్ల నాయన పోయాడని, రేపు పెద్దకర్మ, దివసాలని, సాయంత్రానికల్లా చేత్తో గీసిన పటం కావాలంటోందని చెప్పాడు. పటం పూర్తయ్యేదాకా ఇక్కడే కూర్చుంటుందట.

అంజనప్ప ఆమెను చూశాడు. అతని చూపు మనుషుల మొహాల మీద నిలవదు. నీలంరంగు చున్నీ, ఎడమ మోచేతి మీద పాత కాలిన మచ్చ, ఒక పట్టీ వేరే దారంతో కుట్టించుకున్న చెప్పులు. అవి గుర్తుంచుకున్నాడు. మధ్యాహ్నం టీ తాగి వచ్చేసరికి స్టూలు మీద మరొకరు కూర్చుని ఉంటే తెలియాలి కదా.

"ఫ్లెక్సోళ్లు మా నాయనను వేరే మనిషిని చేసి పెట్టినారు" అంది ఆ అమ్మాయి. "నువ్వయితే ఉండేది ఉండేట్ల గీస్తావని చెప్పినారు."

ఆమె గొంతులో ఎక్కడో తెలిసిన మలుపు ఉంది. మాట చివర కొద్దిగా కిందికి దిగి ఆగే తీరు. ఎవరిదో అతనికి అందలేదు. ధర్మవరం మాట కదా, చిన్నప్పుడు విన్నదే అయి ఉంటుందనుకున్నాడు.

ఫోటో చేతిలో పెట్టింది. ప్రభుత్వ కార్డు కోసం తీయించుకున్న చిన్న ఫోటో. మీసం లేదు, నెత్తిన జుట్టు పలచబడింది, కాలరు గుండీ పెట్టి ఉంది. యూనస్ దాన్ని పెద్దది చేసి నున్నటి కాగితం మీద అచ్చు తీసిచ్చాడు. అంజనప్ప స్కేలు పెట్టి దాని మీద పెన్సిలుతో గడులు గీశాడు. అడ్డంగా పద్దెనిమిది, నిలువుగా ఇరవైనాలుగు. దళసరి అట్ట మీద అన్నే గడులు, పెద్దవి, కనీకనిపించనంత పలచగా గీశాడు. తర్వాత ఒక అట్టముక్క తీశాడు. దాని మధ్యలో ఒక్క గడి మాత్రమే కనిపించేంత రంధ్రం కోసి ఉంటుంది. దాన్ని ఫోటో మీద ఎడమవైపు పైమూలన ఉంచాడు.

కింద ఏ పేరు రాయాలని అడిగాడు. చివర్లో రాసిస్తానంది.

పొడికుంచెను నల్లపొడిలో తాకించి, చిత్తుకాగితం మీద రెండుసార్లు దులిపి, మొదటి గడి మొదలుపెట్టాడు. అందులో ఏమీ లేదు, వెనకాల గోడ తెలుపు. రెండోదాంట్లోనూ అంతే. ఏడో గడిలో జుట్టు మొదలైంది. దాన్ని అతను జుట్టని అనుకోడు. పైనుంచి కిందికి ముదిరే ఒక నలుపు, అందులో మూడు తెల్లటి గీరలు, కుడిమూలన ఒక బూడిదరంగు మచ్చ. అంతే ఉంటుంది గడిలో. అంతే వేస్తాడు.

ఈ పద్ధతి అతనికి నేర్పింది అన్న ఎల్లప్ప. ధర్మవరంలో వాళ్లది మగ్గాల ఇల్లు. పట్టుచీర అంచుకూ కొంగుకూ నెమళ్లు, మామిడిపిందెలు వేయాలంటే ముందు గళ్లకాగితం మీద ఒక్కో గడీ రంగు నింపి డిజైను తయారు చేయాలి. ఎల్లప్ప అతనికంటే ఆరేళ్లు పెద్ద. అప్పటికే మగ్గం మీద కూర్చుని నేయడం వచ్చినవాడు. తమ్ముడు బడిలో అయ్యవారిని గుర్తుపట్టక, వీధిలో ఎదురైనా దండం పెట్టక దెబ్బలు తినేవాడు. ఒకసారి సంతలో వేరే ఆమె కొంగు పట్టుకుని పాతబజారు దాకా నడిచిపోయాడు. వీడికి బుద్ధి లేదని నాయన తేల్చేశాక, ఎల్లప్ప ఒక సాయంత్రం అతని ముందు గళ్లకాగితం పరిచాడు. బొమ్మను చూడొద్దు, గడి చూడు, గడి అయిపోతే దాని పక్క గడి చూడు, అన్నాడు. అంజనప్పకు ఆ మాట చెప్పాల్సిన అవసరమే లేకపోయింది. అతను ఎప్పుడూ చూసేది అట్లాగే. నెలలోపు అతను నింపిన నెమలిని చూసి వీధిలోవాళ్లు ఇంటికొచ్చి పోయారు.

పెళ్లయ్యాక పెనుకొండలో తిమ్మక్క పుట్టింటి పక్కన కాపురం పెట్టాడు. చచ్చిపోయినవాళ్ల ఫోటోలు పెద్దవి గీసే పని దొరికింది. అప్పట్లో ఆ పని చేసేవాళ్లు నలుగురు ఉండేవాళ్లు. మిగిలిన ముగ్గురూ మొహాన్ని చూసి గీసేవాళ్లు. కళ్లు కాస్త పెద్దవి చేసేవాళ్లు, ముసలితనం తగ్గించేవాళ్లు. అంజనప్ప పటాల్లో మనిషి ఉన్నది ఉన్నట్టు వచ్చి కూర్చునేవాడు. చూసినవాళ్లు ఒక్కసారిగా ఏడ్చేవాళ్లు. కొందరు బెదిరిపోయి వెనక్కిచ్చేసేవాళ్లు కూడా.

అన్న కూడా అట్లాగే వద్దన్నాడు. అమ్మ పోయిన ఏడు ఆమె పటం గీసి ధర్మవరం తీసుకుపోయాడు. బుగ్గలు లోపలికి పోయి, ఒక కన్ను పక్కకు తిరిగి, పై పెదవి మీద నాలుగు వెంట్రుకలు. ఫోటోలో ఉన్నవే అన్నీ. ఎల్లప్ప చాలాసేపు చూసి పటాన్ని గోడకు తిప్పి పెట్టేశాడు. అమ్మను అమ్మలాగ గీయలేదు, శవంలాగ గీసినావు, నీకు ప్రాణం లేదురా, అన్నాడు. అంజనప్పకు ఏం తప్పు చేశాడో అర్థం కాలేదు. అమ్మ అంటే అతనికి గాజుల చప్పుడు, పొయ్యిపొగ వాసన, మాట చివర దిగి ఆగే గొంతు. అవేవీ ఫోటోలో లేవు. లేనివాటిని ఎక్కణ్ణుంచి తెచ్చి గీస్తాడు?

పన్నెండు గంటలకు నుదురు దాటి కళ్ల దగ్గరికి వచ్చాడు. ఎడమ రెప్ప కుడిదానికంటే కిందికి వాలి ఉంది. రెండు గడుల్లో నలుపు ఊహించినదానికంటే మందంగా పడింది. అక్కడ కుంచె మార్చి, సన్నది తీసుకుని, నిమ్మళంగా వేశాడు. స్టూలు మీది అమ్మాయి లేచి వచ్చి వెనక నిలబడింది. ఆమె ఊపిరి వినిపిస్తోంది. గోడ మీద, దేవుళ్ల పటాల కింద, ముందువరసలో ఒక ఆడమనిషి పటం చూపించి అదీ నువ్వే గీసినావా అని అడిగింది. నా భార్య, అన్నాడు.

తిమ్మక్క పోయాక ఫోటో ముందర పెట్టుకుని నాలుగు రోజులు కూర్చుని గీశాడు. బంధువులంతా లేచి వచ్చినట్టే ఉందన్నారు. అంజనప్ప ఒక్కడే దాని ముందు నిలబడి ఎంత చూసినా అందులో ఎవరూ కనపడలేదు. ముక్కుపుడక, పాపిడి, చెవి కింద నీడ. ముప్పై ఏళ్లు సంతకు, జాతరకు, ఆసుపత్రికి ఎక్కడికి పోయినా ఆమె ఆకుపచ్చ చీరే కట్టుకునేది, గుంపులో మొగుడు తనను వెతుక్కోవడానికి. మంచి కుంకుమరంగు పట్టుచీర పెట్టెలోనే ఉండిపోయింది. ఫోటోలో చీర నల్లగా ఉంది. యూనస్ మొహమాటపడుతూ నమూనాకు ఇస్తావా అన్నా అని అడిగితే తెచ్చిచ్చేశాడు. పెండ్లాం పటాన్ని అంగట్లో వేలాడదీసుకున్న మనిషని పెనుకొండలో చెప్పుకున్నారు.

అతనికున్నదానికి ఒక పేరుందని తెలిసింది నాలుగేళ్ల కిందటే. యూనస్ అక్క కొడుకు జాకీర్ డాక్టరు చదువు చదువుతున్నాడు. సెలవులకొచ్చి అంగట్లో కూర్చున్నప్పుడు, గడ్డం తీసేసిన తనను అంజనప్ప కొత్తమనిషిలాగా పలకరించడం గమనించాడు. బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయింది అతనే. తిమ్మక్క కూడా వచ్చింది. అక్కడొక డాక్టరమ్మ రెండు రోజులు మొహాల కార్డులు చూపించింది. కార్డులను తలకిందులు చేసి మళ్లీ చూపించింది. మామూలు మనుషులు తలకిందుల మొహాల దగ్గర తడబడతారట. అతనికి రెండూ ఒకటే. చివరికి చెప్పింది. మెదడులో వెనకవైపు, అడుగున, మొహాన్ని మొత్తంగా ఒక్కసారి పట్టుకునే చోటు ఒకటుంటుంది. అది అతనిలో పుట్టుకనుంచీ పనిచేయడం లేదు. కళ్లు బాగున్నాయి, బుద్ధి బాగుంది. మందు లేదు. అందరికీ మొహం ముందు కనపడి, దాని వెలుగునీడలు తర్వాత కనపడతాయి, అందుకే గీసేటప్పుడు తప్పులు పోతారు, మీకు వెలుగునీడలు తప్ప ఏమీ కనపడవు, అందుకే మీ పటాలు అంత సరిగ్గా ఉంటాయి, అంది. ఆమె అది గొప్ప సంగతిలాగా చెప్పింది. అతను వెంట తీసుకుపోయిన పటాలను ఫోటోలు తీసుకుంది కూడా.

తిమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈయప్పకు నేనంటే పచ్చచీర, అంతే తల్లీ" అంది.

అంజనప్ప డాక్టరమ్మను అడిగింది ఒకటే. ఇదంతా ఒక కాగితం మీద రాసివ్వమన్నాడు. జాకీర్ దాని కింద తెలుగులో రాశాడు. ఆ కాగితం అన్న కోసం.

అప్పటికి అన్నదమ్ములకు మాటలు లేక పన్నెండేళ్లు. ఎల్లప్ప పెద్దకూతురి పెళ్లి ధర్మవరంలో జరిగింది. తిమ్మక్కకు జ్వరమొచ్చి రాలేదు. ఆమె పక్కనుంటే ఫలానా వాళ్లు వస్తున్నారని చెవిలో చెప్పేది. కల్యాణమండపం గుమ్మంలో నలుగురు మగవాళ్లు కొత్తబట్టల్లో నిలబడి ఉన్నారు. అన్నను అతను మీసాన్ని బట్టి, అంతకంటే ముఖ్యంగా దగ్గును బట్టి పోల్చుకునేవాడు. మగ్గం ముందు పుట్టి పెరిగిన పొడిదగ్గు అది, రెండు చిన్నవి, ఒక పెద్దది. ఆరోజు బ్యాండువాళ్లు గుమ్మంలోనే వాయిస్తున్నారు. వియ్యపురాలికి నచ్చలేదని ఎల్లప్ప మీసం తీసేయించుకున్నాడు. చేతులు చాచి ఎదురొచ్చిన అతన్ని అంజనప్ప పక్కనుంచి దాటేసి, మీసమున్న మరొకాయనకు వంగి దండం పెట్టాడు. ఆయన పెళ్లికొడుకు మేనమామ. అందరూ చూశారు. అమ్మ పటం గొడవ మనసులో పెట్టుకుని, వియ్యంకుల ముందర పరువు తీశాడని ఎల్లప్ప అనుకున్నాడు. అన్నం కూడా తినకుండా అంజనప్ప బస్సెక్కాడు.

కాగితాన్ని తిమ్మక్కే తీసుకుపోయి బావ చేతిలో పెట్టింది. ఎల్లప్ప చదివాడు, మడిచాడు. మొహాలు గీసి బతికేటోనికి మొహాలు తెలవవంటే ఎవురు నమ్ముతారు, అన్నాడట. వదిన నవ్విందట. తిమ్మక్క ఈ మాట చాలా రోజుల దాకా మొగుడికి చెప్పలేదు.

ఒంటిగంటన్నరకు అన్నం డబ్బా విప్పాడు. రాగిముద్ద, పప్పు. ఆ అమ్మాయిని తినమని పిలిచాడు. వద్దని తల ఊపింది. యూనస్ నమాజుకు పోయి వచ్చి, బల్ల పక్కన ఆగి, సగం వచ్చిన పటాన్ని తల వంచి చూశాడు.

"అన్నా, ఈయన్లో నీ పోలికలు ఉండాయి" అన్నాడు మామూలుగా.

"నా పోలిక నాకేం తెలుసు" అన్నాడు అంజనప్ప, డబ్బా కడుక్కుంటూ.

అమ్మాయి తల ఎత్తి అతన్నే చూసింది. అతను వచ్చి కూర్చుని, కుంచె దులిపి, ముక్కు కింది గడి మీద రంధ్రపు అట్టను జరిపాడు.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి బల్ల మీదికి జారింది. బయట గాజు కోసే చప్పుడు తప్ప మరేమీ లేదు. బుగ్గ గడుల్లో పని నెమ్మది. వెలుగు ఎక్కడ అయిపోయి నీడ ఎక్కడ మొదలైందో తెలియనట్టు వేయాలి. ఆ పని చేస్తూ చేస్తూ, పొద్దుటి నుంచీ ఆ అమ్మాయి గొంతు తనలో దేన్ని కదుపుతోందో వెతుక్కున్నాడు. పదహారేళ్లలో ధర్మవరం నుంచి ఎంతోమంది ఫోటోలు తెచ్చారు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఈరోజు అడగాలనిపించింది. కుంచె ఆపకుండానే అడిగాడు.

"మీది మగ్గాలోళ్ల ఇల్లేనా పాపా?"

అవునంది.

"మా అన్న ఒకాయన ఉండాడు ఆడ. బండారు ఎల్లప్ప అని. నీకు తెలుసునా?"

తెలుసు, అంది ఆమె.

అంజనప్ప కుంచె అట్ట మీద ఆగింది. తల తిప్పలేదు. "బాగుండాడా?"

స్టూలు కాళ్లు నేల మీద గీరుకున్నాయి. చెప్పుల చప్పుడు గడప దాకా పోయి ఆగింది. ఆమె బయట మెట్టు మీద నిలబడి వీధిని చూస్తోంది. నీలం చున్నీ కొంగు నోటి మీద ఉంది. తండ్రి పోయిన పిల్లను పరాయివాళ్ల క్షేమం అడిగానే అని అంజనప్ప నొచ్చుకున్నాడు. యూనస్‌ను పిలిచి, ఆ పాపకు టీ తెప్పించమని చెప్పి, మళ్లీ పనిలో పడ్డాడు. పెదవి, పెదవి కింది వెలుగు మచ్చ, గడ్డం, కాలరు, గుండీ.

నాలుగున్నరకు చివరి గడి అయిపోయింది. పలచటి పెన్సిలు గీతలను రబ్బరుతో ఒత్తి తీసేశాడు. ఊది, అట్టను గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కు వచ్చాడు. అందరూ అట్లా చేస్తారు కాబట్టి అతనూ చేస్తాడు. అమ్మాయి లోపలికి వచ్చి పటం ముందు నిలబడింది.

"ఈ కన్ను" అంది, వాలిన రెప్ప చూపిస్తూ. "ఫ్లెక్సోళ్లు ఈ కన్నునే సరిచేసినారు. నాయన ఇట్లనే చూస్తాండె."

పేరు రాసిమ్మన్నాడు. సంచిలోంచి మడిచిన చీటీ తీసి బల్ల మీద పెట్టింది. అతను కళ్లజోడు సవరించుకుని, సన్నకుంచెను నల్లరంగులో ముంచి పట్టుకుని, చీటీ విప్పి చదివాడు. బండారు ఎల్లప్ప. కింద పుట్టిన తేదీ. దాని కింద పది రోజుల కిందటి తేదీ.

రెండోసారి చదివాడు. కుంచె కొసన రంగు బొట్టు కట్టి బల్ల మీద పడింది.

"మీ అన్నే చిన్నాయనా" అంది ఆ అమ్మాయి. "నేను సంగీతను. చిన్నదాన్ని. అక్క పెండ్లిలో నాకు పదేండ్లు."

అంజనప్ప పటం వైపు తిరిగాడు. ఇప్పుడు పేరు తెలిసింది కాబట్టి చూశాడు. దగ్గరికి పోయి చూశాడు, వెనక్కి వచ్చి చూశాడు. వాలిన రెప్ప, లోపలికి పోయిన బుగ్గ, పెదవి కింద వెలుగు మచ్చ. పొద్దుటి నుంచీ తన చేతి కింద ఒక్కో గడీ వచ్చినవే అన్నీ. వాటిని ఎంత దగ్గరికి చేర్చినా అన్న కాలేదు. ఫోటోకు దగ్గు ఉండదు.

ఎట్లా పోయాడని అడిగాడు. దగ్గుతోనే, అంది సంగీత. ఊపిరితిత్తులు చెడిపోయి రెండేళ్లు బాధపడ్డాడని చెప్పింది. డాక్టరమ్మ కాగితాన్ని ఆయన కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నాడు. అప్పుడప్పుడు తీసి చదివేవాడు, మళ్లీ మడిచి పెట్టేవాడు. నమ్మినాడో లేదో ఎప్పుడూ చెప్పలేదు. పోయే ముందు వారం, నా పటం వానితోనే గీయించండి అన్నాడు. వదిన ఒప్పుకోలేదు. సంగీత పని ఉందని చెప్పి రైలెక్కింది.

"నాయన ఫోటో నీ ముందర పెట్టి చూద్దామనే వచ్చినా" అంది. ఆమె గొంతు చివర కిందికి దిగి ఆగింది. అది అమ్మ గొంతని అంజనప్పకు అప్పుడు తెలిసింది. "నువ్వు గుర్తుపట్టినావంటే అంతా అబద్ధమే అని, ఏమీ మాట్లాడకుండా పటం తీసుకొని పోదామనుకున్యా. నువ్వేమో ఆయప్ప మొహం మీదనే కుంచె పెట్టుకొని, ఆయప్ప బాగుండాడా అని నన్నే అడిగితివి."

యూనస్ గాజు బల్ల దగ్గర చేతిలో పని వదిలేసి నిలబడ్డాడు.

"గుర్తుపట్టింటేనే బాగుండు పాపా" అన్నాడు అంజనప్ప.

తర్వాత కూర్చుని పేరు రాశాడు. అక్షరాలు ఎప్పటిలాగే తిన్నగా వచ్చాయి. తేదీలు వేశాడు. చేయి వణకనందుకు అతనికి తన మీదే అసహ్యం కలిగింది. నీకు ప్రాణం లేదురా అన్న మాట పదిహేడేళ్ల తర్వాత ఇప్పుడు సరిగ్గా వచ్చి తగిలింది. పుట్టుకతోనే పని చేయని చోటు ఒకటుందని, అందులో తన తప్పు లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నిజమని ఈరోజు రుజువయింది. రుజువయ్యేందుకు అన్న చచ్చిపోయి, తమ్ముడి బల్ల మీదికి వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుర్తింపు లేకుండా పడి ఉండాల్సి వచ్చింది.

యూనస్ గబగబా గాజు బిగించి, ఫ్రేము కొట్టి, పాతపేపర్లలో చుట్టాడు. ఐదున్నర రైలుంది. స్టేషను దాకా స్కూటరు మీద దింపుతానన్నాడు. అంజనప్ప చేతులు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, రేపు ఎన్ని గంటలకని అడిగాడు.

సంగీత పటాన్ని ఒడిలో పట్టుకున్నట్టు పట్టుకుంది. నేల చూసింది.

"రేపు రావాకు చిన్నాయనా. అమ్మ ఇంకా నమ్మదు. ఇంటినిండా జనం ఉంటారు. నువ్వు మళ్లీ ఎవుర్నో దాటుకొని పోతావు, మళ్లీ ఒక మాట లేస్తాది. నేను నిమ్మళంగా చెప్పుకుంటా. ఆ తర్వాత ఒకరోజు రా."

అట్లనే, అన్నాడు. అన్న లేని ఇంట్లో ఆ తర్వాత ఒకరోజు అతని కోసం ఎవరుంటారన్న మాట ఇద్దరూ ఎత్తలేదు.

గడప దాటబోతూ ఆమె ఆగి, చేతిసంచిలోంచి ఒక పేపరు పొట్లం తీసి స్టూలు మీద పెట్టింది. అక్క పెళ్లిలో నీకు పెట్టాల్సిన బట్టలు, అంది. నాయన ఎవరికీ ఇవ్వనివ్వలేదట. బీరువా అడుగునే ఉన్నాయట. వెనక్కి తీసుకుపోవాల్సి వస్తుందేమోనని పొద్దున్నుంచీ బయటికి తీయలేదని చెప్పింది. స్కూటరు చప్పుడు వీధి మలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

పెనుకొండ బస్సు ఆరున్నరకు. అంజనప్ప కుంచెలు ఒక్కొక్కటే తుడిచి చొక్కాగుడ్డలో చుట్టాడు. నల్లపొడి డబ్బా మూత బిగించాడు. గళ్లు గీసిన అచ్చుకాగితాన్ని ఏం చేయాలో తోచక చాలాసేపు చేతిలో పట్టుకుని, చివరికి బల్ల సొరుగులో ఉన్న కాగితాల మధ్యకు దోపాడు. అక్కడ అట్లాంటివి వందలున్నాయి. సొరుగు మూశాక వాటిలో అన్న కాగితం ఏదో మళ్లీ వెతికి తీయలేనని తెలిసింది. తెరవలేదు.

స్టూలు దగ్గరికి వచ్చి పొట్లం విప్పాడు. పదహారేళ్ల పాత పేపరు వేళ్ల మధ్య పొడిపొడిగా చిట్లింది. లోపల తెల్లపంచె, దాని మీద అదే అంచు కండువా, ఎవరూ విప్పని మడతలు. పంచె మూలన, పెట్టేముందు శుభానికి పూసిన పసుపు బొట్టు ఎండి, గోధుమరంగుకు తిరిగి, ఇంకా ఒక వేలి ముద్రంత ఉంది.